మూడో కూత

నాలుగింటికి మీటింగని రాసుకుంటే
సరిగ్గా నాలుగింటికే మోగుద్ది నా ఫోను.
చుట్టాలొచ్చి మంచమ్మీద కూర్చున్నాక
"నాన్నా, చుట్టాలొచ్చారు" అని
వంటింట్లోకి పరిగెత్తుకొచ్చే పిల్లాడి మాదిరి.

మొన్న పినాకిని బండికీ అంతే.
ఆటో ఇంకా కర్నూలు రోడ్డు మీద
ఎవరిదో పెళ్లి ఊరేగింపు వెనక నిలబడి ఉంటే
జేబులో గొణిగింది: పినాకిని, ఇప్పుడు.
స్టేషన్లో బండి లేదు.
దాని వేడి మాత్రం పట్టాల మీద ఉంది.

"సెట్టింగే అంత సార్" అన్నాడు ఆఫీసులో ప్రణీత్.
"ఎంత ముందు చెప్పాలో మీరే చెప్పుకోవాలి దానికి."
వేలు పెట్టి చూపించాడు కూడా,
ఐదు నిమిషాలు, పది, అరగంట, ఒక రోజు.
చూద్దాంలే అన్నాను.

ఒంగోలు ఆఫీసుకి రాకముందు
చీమకుర్తి క్వారీలో పదకొండేళ్లు టైమ్‌కీపర్ని.
టైము నా రిజిస్టర్లో ఉందని కంపెనీ నమ్మకం.
ఉండింది ఖాసిం పీరా కుడిచేతిలో,
తుప్పుపట్టిన సైరన్ పిడి దగ్గర.

పొట్టనిండా చుక్కలు దాచుకున్న నల్లరాయి.
దానికి బెజ్జాలేసి, మందు కూరి, వైర్లు లాగాక
పీరా గట్టు మీదికెక్కేవాడు.
మొదటి కూత పొడుగ్గా: పనిముట్లు దించండి.
రెండోది ఇంకా పొడుగ్గా: ఎర్రజెండా దాటి పొండి.
మూడోది పొట్టిగా, పొగతాగేవాడి దగ్గులా:
ఇంక నడవబాకండి, ఉన్నచోటే వంగండి.

మొదటి కూతకే లేచేది బిల్లు.
లోడు బిల్లులు రాసే గది కింద పడుకునే కుక్క.
ఒళ్లు విరుచుకుని, ఒకసారి మా అందర్నీ చూసి,
కంప్రెసర్ కిందికి నడిచి వెళ్లేది.
పరిగెత్తగా నేనెప్పుడూ చూళ్లేదు దాన్ని.

కొత్తగా వచ్చిన మేనేజరు ఒకసారి అడిగాడు,
పేల్చేముందు ఒక్క కూత చాలదా,
ఇన్నింటికి అరగంట పని పోతోంది కదా అని.
ఒక చెవి ఆ కూతలకే ఇచ్చేసిన పీరా
రెండో చెవి అటు తిప్పి రెండుసార్లు అడిగించుకుని
అప్పుడు చెప్పాడు:
"చెవికైతే ఒకటి చాలు సారూ.
కాళ్లకి చెప్పాల గదా.
కాళ్లకి టైము పట్టుద్ది."

పోయిన గురువారం మధ్యాహ్నం
పీరా అల్లుడు మస్తాన్ దగ్గర్నుంచి మెసేజి.
అసర్ నమాజయ్యాక, ఐదుంబావుకి, ఖబరస్తాన్లో.
మర్చిపోతానని కాదు,
వచ్చినవన్నీ ఫోన్లో వేసే అలవాటు చొప్పున
అదీ వేశాను.
వేసి, జీఎస్టీ కాగితాల్లో తల దూర్చాను.
ఎక్కడో పద్దెనిమిది రూపాయలు తేడా వస్తోంది.

ఐదుంబావుకి మోగింది.
ఖాసిం పీరా, ఇప్పుడు.
గుమ్మంలోకొచ్చి నిలబడ్డట్టే ఉంది ఆ పేరు.
లేచి నిలబడ్డాను నేను కూడా.
మళ్లీ కూర్చున్నాను, చెప్పులు వెతుక్కోడానికి.
పద్దెనిమిది రూపాయలు అలాగే వదిలేసి
చీమకుర్తి బస్సెక్కాను.
పలకరాళ్ల లారీలు ఎదురొస్తూనే ఉన్నాయి,
ఒకదాని వెనక ఒకటి, తొందరేం లేకుండా.

నేను చేరేసరికి చీకటి పడుతోంది.
జనం వెళ్లిపోయారు.
తడిమట్టి మీద పార వెనకవైపుతో
మెల్లగా తడుతున్నాడు మస్తాన్.
ఆలస్యమైందని నేనూ అన్లేదు, అతనూ అడగలేదు.
"మూడు పిడికిళ్లు వెయ్యండి సార్" అన్నాడు.

ఒకటి వేశాను.
రెండోది వేళ్ల సందుల్లోంచి జారి సగమే పడింది.
మూడోది చేతిలో ఉండగానే
ఏమయిందో తెలీదు,
రెండో చెయ్యి తలమీదికెళ్లింది.
మోకాళ్లు మడిచి, గడ్డం ఛాతీకి ఆనించి
ఉన్నచోటే వంగిపోయాను.

"ఏం పడిపోయింది సార్?" అంటూ
మస్తాన్ ఫోను తీసి
నా చుట్టూ నేలమీద లైటు వేశాడు.